ఖుషామదీద్ అనలేదు ఆ పిట్ట

రెండు రెక్కలూ బార్లా చాపి, ముక్కు తెరిచి, కెమెరాకు ఎదురుగా నిలబడిన తీతువు పిట్ట. ఆ ఫొటో కింద అట్టముక్క మీద 'ఖుషామదీద్' అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఉంది. మా పక్షుల ఫొటోల గ్రూపు మొఘల్‌పురాలో ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుని పెట్టిన ప్రదర్శనలో మొదటి బహుమతి దానికే వచ్చింది. చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. స్వాగతమట! ఎవరికండీ స్వాగతం?

ఆ పిట్టను నేనెరుగుదును. బార్కస్ దాటాక ఉన్న చెరువు ఒడ్డున, కంచె లోపల, 'పక్షుల రక్షిత ప్రాంతం' అన్న బోర్డుకు కాస్త దూరంలో గుడ్లు పెట్టింది. తీతువు గూడు అల్లదు. గులకరాళ్ల మధ్య నేలమీదే చిన్న గుంట చేసుకుంటుంది. గుడ్లు కూడా మచ్చలు మచ్చలుగా అచ్చం రాళ్లలాగే ఉంటాయి, కళ్లు చికిలించి చూసినా కనబడవు. కనబడవు కాబట్టే బతుకుతాయి. ఎండ ముదిరితే తల్లి నీళ్లలోకి దిగి, పొట్ట తడుపుకొచ్చి వాటి మీద కూర్చుంటుంది. కరెంటాఫీసు ఉద్యోగం నాది, ఆదివారం ఒక్కటే నా చేతిలో ఉంటుంది. ప్రతి ఆదివారం స్కూటీ మీద వెళ్లి, దూరంగా తుమ్మచెట్టు కింద చాప వేసుకుని, పెద్ద లెన్సులోంచి చూసేదాన్ని. పిల్లలు తల్లి వెంట బురదలో నడిచే ఫొటో ఒక్కటి దొరికితే చాలనుకున్నాను.

ఒక ఆదివారం వెళ్లేసరికి గుంట చుట్టూ నేల ఊడ్చినట్టుంది. గడ్డి కత్తిరించారు, రాళ్లు ఏరి పక్కన కుప్ప పోశారు. మా ఫొటోలవాళ్లు దీన్ని 'ఫ్రేమ్ సాఫ్ చేసుడు' అంటారు. అడ్డం ఏదీ ఉండకూడదు, గుడ్లు కొట్టొచ్చినట్టు కనబడాలి. మనిషికి కనబడింది కాకికి కనబడదా? గుంటలో పెంకులు మిగిలాయి. తల్లి దాని చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. తీతువు కూస్తే ఇంటికి కీడని మా అమ్మ ఇప్పటికీ కిటికీ మూసేస్తుంది. కీడు ఎవరివల్ల ఎవరికి జరిగిందో వచ్చి చూడమనాలనిపించింది.

ఆ పని ఎవరిదో ప్రదర్శనలోనే తెలిసింది. బహుమతి ఫొటోలో, ఓ మూల మసగ్గా, ఆ రాళ్ల కుప్ప ఉంది. తీసినతను నాకంటే చిన్నవాడు, హైటెక్ సిటీలో ఉద్యోగం. నేరుగా వెళ్లి అడిగాను.

"తమ్మీ, గుడ్ల చుట్టు గడ్డి కోసింది నువ్వేనా?"

"కొంచెం సాఫ్ చేసిన అక్కా, గంతే. గుడ్లను ముట్టనే లేదు. గింత దానికి అంత ఫికర్ ఏంది?"

ముట్టలేదట. ఎంత పుణ్యాత్ముడు!

నా గొంతు పెరిగేసరికి గ్రూపు నడిపే పెద్దాయన పరుగున వచ్చారు. దబీర్‌పురాలో కళ్లద్దాల దుకాణం ఆయనది. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"లొల్లి వద్దు బేటీ. బచ్చా హై. తెల్వక చేసిండు."

"బహుమతి గూడ తెల్వకనే ఇచ్చిన్రా చాచా? అది రెక్కలు సాపింది రమ్మని గాదు. పొండ్రి, నా గుడ్ల కాడ్నుంచి పొండ్రి అని మొత్తుకుంటుంది. గా మొత్తుకునేదాని కింద ఖుషామదీద్ అని రాస్తరా?"

ఒకరిద్దరు తలలు దించుకున్నారు. పోనీలే, ఇన్నాళ్లకు ఎక్కిందనుకున్నాను. ఆ ఊపులోనే నోరు జారాను.

"గంత జరిగినా పాపం అది మల్ల పెట్టింది గుడ్లు. సిగ్గుండాలె మనకు."

"మల్ల పెట్టిందా? ఏడక్కా?" బహుమతి అందుకున్నతనే ముందు అడిగాడు.

"లొకేషన్ గ్రూపుల ఎయ్యి మేడం," అన్నారు వెనకనుంచి ఎవరో. అప్పటిదాకా తలలు దించుకున్నవాళ్లు కూడా ఫోన్లు బయటికి తీశారు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. చెప్పనని గట్టిగా అరిచి, బ్యాగు భుజాన వేసుకుని గుమ్మందాకా వెళ్లాను.

పెద్దాయన నా వెనకే వచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, తనకొక్కరికే చెప్పమన్నారు, ఇంకెవరికీ చెప్పరట.

"మేరేకు బోలో బేటీ. మై కిస్కు నై బోల్తూం."

ఆయనంటే నాకు ప్రాణం. ఆయనకూ చెప్పలేదు.