ప్రసన్నకుమార్ పీకిన వాక్యం

మా ఆయన ప్రసన్నకుమార్ ఎల్బీనగర్‌లో సాయంత్రం బైబిలు తరగతులకు తొలినాటి చర్చిలకు పౌలు రాసిన ఉత్తరాలు చెబుతాడు. గ్రీకు నేర్చుకుని, పదకొండేళ్లు కిందామీదా పడి, వాటి మీదే డాక్టరేటు చేశాడు. కిరాణా చీటీ చేతికిచ్చినా ఎవరు రాశారు, ఎవరికి, ఏ అవసరానికి అని అడగనిదే చదవడు. "ఉత్తరాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవాలి, మధ్యలో ముక్క పీకకూడదు" అని విద్యార్థుల చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటాడు.

అలాంటి మనిషి ఏటా డిసెంబరులో ఏం చేస్తాడో చెప్పనా? దిల్‌సుఖ్‌నగర్‌లోని మా చర్చికి వాగ్దానం కార్డులు తయారుచేస్తాడు. జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక ప్రతివాళ్లూ పళ్లెంలోంచి ఒక కార్డు తీసుకుంటారు. అందులో ఉన్న వాక్యమే ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన మాట. ఆ నూటయాభై వాక్యాలనూ ఎక్కడెక్కడి నుంచో పీకేది మా ఆయనే. "పెద్దలు అడిగారు, కాదంటే బాగుండదు" అంటాడు. చెప్పేవి శ్రీరంగనీతులని ఊరికే అన్నారా.

పోయినేడు జనవరిలో అరుణమ్మకు వచ్చిన కార్డు మీద, బలమిచ్చేవాడి వల్ల అన్నీ చేయగలనన్న మాట ఉంది. ఆమె బడంగ్‌పేట్‌లో చీరలకు ఫాల్, పికో కుట్టుకుని బతుకుతుంది. ఫిబ్రవరిలో రొమ్ములో క్యాన్సర్ గడ్డ బయటపడింది. నెలలోపు ఆపరేషన్ చేయకపోతే ప్రాణానికే ముప్పన్నారు డాక్టర్లు. ఆమె ఆ కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"గీ మాట నాకొచ్చినంక ఇంక కత్తి ఎందుకమ్మా? చేయించుకుంటే దేవుని మీద నమ్మకం లేనట్టే అయితది."

నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీద కాదు. లోపలికి వెళ్లి, "మీరు పీకిన ముక్క ఇంటికొచ్చింది, చూసుకోండి" అన్నాను మా ఆయనతో.

ఆయన బయటికి వచ్చి, అరుణమ్మను కూర్చోబెట్టి, ఆ వాక్యమున్న ఉత్తరం మొత్తం చదివాడు. నాలుగు అధ్యాయాలు, అరగంట కూడా పట్టదు. రాసిన పౌలు జైల్లో ఉన్నాడనీ, ఆకలినైనా ఓర్చుకోవడం నేర్చుకున్నానని చెబుతూ ఆ మాట రాశాడనీ విడమరిచాడు. ఆ ఉత్తరం మోసుకెళ్లిన స్నేహితుడికి చావు దాకా జబ్బు చేసిందని ఉన్న చోట అరుణమ్మ ఆపమంది.

"అంటే, గాయనకు నమ్మకం లేకనే రోగమొచ్చిందా సార్?"

"కాదమ్మా. దేవుడి పని మీద తిరుగుతూనే మంచాన పడ్డాడు."

"మరి గీ మాట కార్డు మీద ఎందుకు రాయలే?"

ఆయన బైబిలు మూసి పక్కన పెట్టాడు. "తప్పు నాదేనమ్మా" అన్నాడు. నాకు అంత కోపంలోనూ ఆయన మీద జాలేసింది. మర్నాడు మేమిద్దరం ఆమెను దవాఖానకు తీసుకెళ్లాం.

మళ్లీ డిసెంబరులో కార్డులు రాశాడు, ఏం చేస్తాం. కాకపోతే ఈసారి ఒకదాని మీద ఆ స్నేహితుడి జబ్బు సంగతి రాశాడు. జనవరి ఒకటిన, చర్చి పెద్ద బక్కయ్య ఆ కార్డు చూసి పళ్లెంలోంచి పక్కకు తీశాడు.

"పండుగ పూట గిది ఎవరికి రావాలె సార్?"

కొంగు కింద ఇప్పుడిప్పుడే జుట్టు మొలుస్తున్న అరుణమ్మ లేచి చెయ్యి చాపింది.

"నాకియ్యి, బక్కయ్యన్నా."