కుమ్మరి స్త్రీని చదివిన పంతులుగారు

కరోనా మొదటి ఏడాది చివర్లో నాకొక ఉద్యోగం దొరికింది: చూపు మసకబారిన ఒక ముసలాయనకు కాగితాలు చదివి పెట్టడం. ఆయన యూరప్ మనిషి. యాభై ఏళ్లు సంస్కృత శాసనాలు చదివారు. దుబాయ్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చి, విమానాలు ఆగిపోతే ఇక్కడే ఉండిపోయారు. ఇంటి నుంచి పెట్టెలు కార్గోలో తెప్పించుకుని ఆత్మకథ రాయడం మొదలుపెట్టారు. సంస్కృతం వచ్చినవాళ్లు కావాలని కూతురు వాకబు చేస్తే ఎవరో నా గురించి చెప్పారట.

నేను హైదరాబాదులో సంస్కృతం ఎమ్మే చదివాను. మా ఆయన దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. ఇక్కడికొచ్చిన ఆరేళ్లలో నా చదువు ఏమిటని ఎవరూ అడగలేదు. అందుకే మొదటిరోజు ఆయన ఒక శాసనం అచ్చుకాగితం నా ముందు పరిచి, "ఈ అక్షరం ఏమిటో చెప్పు" అంటే కాగితాన్ని రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాను. సరిగ్గా చెప్పాను. "ఇకనుంచి నువ్వే నా కళ్లు" అన్నారు.

వారానికి నాలుగు రోజులు వెళ్లేదాన్ని. అరిగిన రాతిమీద అక్షరాన్ని ఎలా పట్టుకోవాలో నేర్పారు. మాస్టారూ అని పిలిస్తే మురిసిపోయేవారు. ఆయనకు పేరు తెచ్చింది కృష్ణ ఒడ్డున దొరికిన ఒక దానశాసనం. అందులో ఒక మాటను అందరూ రాజుగారి బిరుదు అనుకునేవారు. కాదు, దానం చేసింది ఒక కుమ్మరి స్త్రీ అని ఆయన తేల్చారు. దానితోనే ప్రొఫెసర్ అయ్యారు. ఆ కథ చెప్పినప్పుడల్లా, "నాతో ఒక బడిపంతులు వచ్చేవాడు. శాసనాల అచ్చు తీసే సిరా డబ్బా మోసేవాడు, మంచివాడు" అనేవారు.

ఒకరోజు పెట్టె అడుగున తెలుగులో రాసిన నోటుపుస్తకం కనిపించింది.

"అది ఆ పంతులుది. ప్రయాణాల వివరాలు అయి ఉంటాయి. నాకు తెలుగు రాదు, పక్కన పెట్టెయ్" అన్నారు.

పక్కన పెట్టలేదు. తెలుగు అక్షరం చూసి ఎన్నాళ్లయిందో! ముత్యాల్లాంటి రాత. ఒక పేజీలో ఇలా ఉంది: "ఇది బిరుదు కాదు. దాత కుమ్మరి స్త్రీ. దొరగారికి చెప్పాను, నమ్మలేదు." దానికింద పెన్సిల్‌తో, తెలుగు రాదన్న మాస్టారి చేతిరాతలోనే, ఇంగ్లీషులో చిన్న ముక్క: "ఇతను చెప్పిందే నిజం."

రెండూ ఇంగ్లీషులో ఆయనకు గట్టిగా చదివి వినిపించాను. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"అతను పోయి ముప్పై ఏళ్లయింది. ఇప్పుడు ఎవరికి లాభం?"

"ఒక్క వాక్యం రాయండి మాస్టారూ. ఆ మాట మొదట చదివింది ఆయనేనని. అంతే."

"సరే. రాస్తాను."

నమ్మాను. ఆ తర్వాత కూడా నెలల తరబడి ఆయన చెప్పింది టైపు చేశాను. ఆ శాసనం గురించిన అధ్యాయం మాత్రం కూతురితో చేయిస్తానన్నారు. ఎందుకని అడగలేదు.

పుస్తకం వచ్చింది. ఆ అధ్యాయంలో పంతులుగారు సిరా డబ్బా మోస్తూనే ఉన్నారు. చివరి పేజీలో నా పేరు ఉంది: పాత కాగితాలన్నీ, తెలుగు నోటుపుస్తకంతో సహా, ఈమె పరిశీలించి సరిచూసిందని.

రేపు ఎవరైనా వేలెత్తి చూపితే జవాబు చెప్పాల్సింది నేనన్నమాట.

మా ఆయనకు చూపించాను. "నీ పేరు ఏసిండు గదా, ఇంకేం గావాలె?" అన్నాడు. విషయమంతా చెప్పాక పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "ఖలాస్. ఇగ ఆడికి పోకు" అన్నాడు.

ఒకసారి వెళ్లాను. నా పేరు తీసేయమన్నాను.

"అచ్చయిపోయింది కదమ్మా. నీకు మేలు చేద్దామనే వేశాను."

"పంతులుగారికి కూడా ఇలాగే మేలు చేశారా?"

కూతుర్ని పిలిచి టీ తెమ్మన్నారు. కూతురు టీ తెచ్చింది. తాగకుండా లేచి వచ్చేశాను.

పంతులుగారి సంగతి చెబుతూ పబ్లిషరుకు రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి అందిందని జవాబు వచ్చింది. రెండోదానికి అదీ లేదు. మొన్న షార్జాలో ఒక ఇండియన్ బడిలో సంస్కృతం టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. పూర్వానుభవం అన్నచోట ఆ ఏడాదిన్నర రాయలేదు. ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ అడిగింది, "ఇన్నేళ్లూ ఇంట్లోనే ఉన్నారా?" అని.

అవునన్నాను.