నాటుకట్టు వేసిన చెయ్యి

ముందు సీటు దొరికేదాకా వచ్చిన బస్సునల్లా వదిలేశాను. వెనక సీట్లో కుదుపులకు ఏ ఎముక విరుగుతుందోనని భయం. అరవై దగ్గర పడ్డాక నా ఎముకలు గుల్లబారాయని చెప్పిన డాక్టరు, యోగా నేర్చుకోమన్నాడు. అది ఇంకా భయం. వంగితే విరగవా?

బెళుగుప్పలో ఎక్కి నా పక్కన కూర్చున్నామెకు ఇంచుమించు నా వయసే. ఎడమచేతికి వెదురుబద్దల నాటుకట్టు, దానిమీద ఎండిపోయిన గుడ్డుసొన వాసన.

"యాడ పడినావక్కా?" అని అడిగాను.

"పడలేదు. కిందటేడు నడుము పట్టుకునిందని ఇంట్లోవాళ్లు మంచం దిగనియ్యలేదు. ఎముకలు విరుగుతాయని నాకూ భయమే. కూడూ నీళ్లూ అన్నీ మంచం కాడికే. మొన్న చెయ్యి ఊని లేసినా, అంతే, పటుక్కుమనింది."

నేను నేలమీద కూర్చోవడం మానేసి అప్పటికే ఏడాదైంది. యోగా సంగతి చెప్పి, "శానా భయంగా ఉండాదక్కా" అన్నాను.

"భయం యాడికి పోతాది? భయపడుకుంటానే చెయ్యి" అంది.

ఆమె దిగే ఊరు వచ్చింది. లేపమని మంచి చెయ్యి చాచింది. ఇద్దరం పడతామేమోనని వెనకాడి, చివరికి పట్టుకున్నాను. ఆ చెయ్యి ఎండిన వేరుశనగ కట్టెలా తేలిగ్గా ఉంది. వణుకు ఆమెదో నాదో తెలియలేదు.

అప్పటినుంచి ఇన్నేళ్లుగా పొద్దున్నే యోగాకు చాప పరుస్తున్నాను. ఒంటికాలిమీద నిలబడే ఆసనంలో ఒక చెయ్యి గోడను వదలదు. రెండో చేతిలో ఆ వణుకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

భయపడుకుంటానే కాలు ఎత్తుతాను.