ఏసోబు మోకాళ్ళ పత్యం

ఏసోబుకు కూర కనబడితే పుట్టేది ఆకలి కాదు, అనుమానం. పళ్ళెంలో పడ్డ ప్రతిదీ ఆయన దృష్టిలో ముద్దాయే. వంకాయను పైకెత్తి, "నా కీళ్ళల్ల దూరింది నువ్వేనా?" అన్నట్టు ఎగాదిగా చూస్తడు. ఆయన వస్తున్నడంటే రామన్నపేట సంతలో కూరగాయలోళ్ళు బుట్టలు కప్పుకునేటోళ్ళు.

పోయిన ఎండకాలం మొదలైంది ఈ పిచ్చి.

"నా మోకాళ్ళు గుంజుతున్నయే. తినేదాంట్ల ఏదో పడ్తలేదు. ఒక్కొక్కటే బందు పెట్టి చూస్త," అని ప్రకటించిండు.

"పెట్టుకో. నాకేంది?" అన్నది భార్య ఎస్తేరు.

"నీకేందంటే? నేను తిననిది నువ్వు వండుకుంటవా?"

వండుకోదు. తన ఒక్కదాని కోసం పొయ్యి మీద గిన్నె పెట్టుడు ఎస్తేరు ఇంటా వంటా లేదు. వంకాయ పోయింది. చింతపులుసు పోయింది. కోడిగుడ్డు పోయి, కొన్నాళ్ళకు నిర్దోషని తేలి తిరిగొచ్చింది.

పత్యం సంగతే అంత. ఒక ఊర్ల నంజు అని పారేసేదాన్ని వాగు దాటితే బలమని బాలింతకు పెడ్తరు. ఎవరి ఒంటికి ఏది పడదో ఆ ఒళ్ళే చెప్పాలె, చెప్పేదాక మనిషి ఓపిక పట్టాలె. ఏసోబుకు లేనిదే ఓపిక. పొద్దు పొడవకముందే కాలు చాపేటోడు.

"ఎస్తేరూ, మోకాలు ఒత్తు. గట్టిగ!"

"ఇంతకన్న గట్టిగ నాతోని కాదు."

"అయితే ఇయ్యాల వాపు ఎక్కువున్నట్టే," అని గొణుక్కునేటోడు.

ఎస్తేరుకు ఒళ్ళు మండేది. ఎందుకంటే అసలు వాపు ఆమె వేళ్ళకున్నది. నిద్ర లేస్తే పిడికిలి ముడుచుకోదు. బడిలో పిల్లలకు మధ్యాహ్నం వండేది ఆమెనే. గంటె తిప్పలేకపోతున్నదని సారుకు తెలిస్తే ఇంకొకామెను పెట్టుకుంటడు. అందుకే మొగనికి కూడ చెప్పలే. ఈ మనిషికి చెప్తే ఊరంత దండోరానే.

ఎస్తేరు తమ్ముడు సాల్మన్ బిడ్డ పెండ్లి నాటికి విచారణ గోధుమపిండి దాక వచ్చింది. ఎస్తేరు పళ్ళెంల పూరీ పడంగనే ఏసోబు చెయ్యి గద్దలెక్క దిగింది.

"నా ముందల తినకే, నోరూరుతది!"

"నీ మోకాళ్ళ నొప్పికి మా అక్క నోరు కట్టేస్తవా బావా?" అన్నడు సాల్మన్.

"నా బాధ నీకేమెరుక బామ్మర్దీ," అనుకుంట ఏసోబు వంటోళ్ళ డేరాలకు ఉరికిండు. "కూర చిక్కబడనీకి గోధుమపిండి ఏమన్న కలిపిన్రా?" అని అడిగి, వంటాయన గంటె లేపంగనే అంతకన్న జోరుగ ఉరికొచ్చిండు.

గోధుమ మానేసిన కొన్ని వారాలకు, ఒక పొద్దున ఎస్తేరు మోకాలు ఒత్తితే "అమ్మో!" అని కేకేసిండు.

"నొప్పా?"

"కాదే, సుఖం! వాపు దిగింది!"

ఇంకొన్నాళ్ళు ఆగి, పరీక్షకని రాత్రి చపాతీలు చేయించి, ఆమెకే ఎక్కువ తినిపించిండు. తెల్లారి చూస్తే ఎస్తేరు వేళ్ళల్ల పట్టే లేదు, చెయ్యి మోకాలి మీదికెళ్ళి జారిపోయింది.

"దొరికిండు దొంగ!" అని ఏసోబు మంచం మీదికెళ్ళి ఎగిరి గంతేసిండు.

ఎస్తేరు నడుం మీద చేతులు పెట్టుకుంది. "మోకాళ్ళు వాచిన మనిషి గట్ల గంతేస్తడా? దవాఖానకు నడువు."

"ఎందుకే, దొంగ దొరికినంక..."

ఆమె వినలే. అంగీ పట్టుకొని గుంజుకపోయింది.

డాక్టర్ ప్రవళిక ఏసోబు మోకాళ్ళు వంచి, ఒత్తి చూసింది. "వీటికేం కాలేదు. ఈమేనా మీ ఇంటామె? 'వేళ్ళు వాస్తున్నయి, దాస్తున్నది, రమ్మంటె రాదు' అని నా ప్రాణం తీసింది మీరే కదా? తిండి ఒక్కొక్కటి ఆపి చూడమన్న, సరే. రక్త పరీక్షకు తోలుకొని రమ్మని కూడ చెప్పిన!"

ఎస్తేరు మెల్లగ మొగని దిక్కు తిరిగింది. పొద్దుపొద్దున ఈయన చూసుకున్నది తన చేతి బలమన్న మాట.

"తెలిసీ చెప్పలేదేందయ్యా?"

"చెప్తే 'నాకేమైంది' అని గంటె పట్టుకొని బడికి ఉరుకుతవు. నీ కోసం ఒక్క పూట నోరు కట్టుకోవు. నా కోసమంటే కట్టుకుంటవు."

ఎస్తేరు తన వేళ్ళు డాక్టరమ్మ ముందల పెట్టింది. "అమ్మా, బడికి పోవచ్చునా?"

"మందులు, పత్యం తప్పకపోతే పోవచ్చు. పెద్ద గిన్నెలు మాత్రం ఒక్కదానివే ఎత్తకు," అని డాక్టరమ్మ ఆ వేళ్ళు ఒత్తి చూసి, రక్త పరీక్షకు, మందులకు చీటీ రాసిచ్చింది.

చీటీ మడిచి కొంగున కట్టుకొని, ఎస్తేరు కుర్చీలోంచి లేవలే.

"ఆయనకు కూడ ఏదన్న రాయుండ్రి అమ్మా. ఇన్ని దినాలు ఉత్తపుణ్యానికి కాళ్ళొత్తించుకున్నడు. బాగ చేదుది చూసి రాయుండ్రి."

అప్పటికే ఏసోబు గడప దాటిండు.