మెట్లు అటు పక్క ఉన్నాయి

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. తెనాలిలో అద్దెకు దిగిన రోజు మా అమ్మ గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టిస్తుంటే, వడియాలు పెట్టుకుంటే పనికొచ్చేదిగా అన్నవాణ్ణి. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాణ్ణి. తెర మీద ఏం కనిపించినా దాని వెనక ఒక వైరో, ఒక ప్రోగ్రామో, ఒక మనిషో ఉండి తీరాలని నా వాదన. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ వాదన నా నోట్లోనే ఆగిపోయింది.

రెండువేల దశకం చివరి రోజులవి. మా మేడలో నాలుగు వాటాలు. ఇంటాయన కింద వైఫై పెట్టించి అందరికీ ఒకటే పాస్‌వర్డ్ ఇచ్చాడు. అదేంటయ్యా అంటే ఆయన స్కూటర్ నంబరు! స్కూటరేమో రోజంతా వీధిలోనే ఉండేది. నెల తిరక్కుండా నా గేమ్ అకౌంట్‌ని ఎవడో కాజేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

దానికి మందు చెప్పింది నా స్నేహితుడు బాషా. బాపట్లలో ఉద్యోగం చేసేవాడు. వీపీఎన్ పెట్టుకుందామన్నాడు. అంటే, పదిమందీ వాడే వైఫై మీదే మనకు మాత్రమే తాళం ఉన్న సొంత దారి వేసుకోవడమన్నమాట. మనం పంపుకునేది పక్క వాటావాడికి కనపడదు. అందులో మేం ముగ్గురమే. నేను, బాషా, రేపల్లెలో ఉండే మా పిన్ని కొడుకు ప్రసాదు.

పాస్‌వర్డ్ ఎక్కడా రాసుకోకూడదు, ఫోన్లో చెప్పుకోకూడదు అని బాషా పట్టుబట్టాడు. అందుకని రేపల్లె స్టేషన్ బయట టీ తాగుతూ ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నాం. టీకొట్టాయన మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూశాడు.

ఆ వీపీఎన్ లోపలే మేం ముగ్గురం ఆడేది కోటలో తుపాకులు పట్టుకుని తిరిగే ఆట. ప్రసాదుకి ఒక పిచ్చి అలవాటుండేది. ఆట మొదలవగానే తన బొమ్మని ఉన్నచోటే మూడుసార్లు గిర్రున తిప్పేవాడు. దిష్టి తీసుకోవడమట. ఎంత ఏడిపించినా మానేవాడు కాదు.

ఆ ఆదివారం భోజనాలయ్యాక నేనూ బాషా ఆడుతున్నాం. మేడంతా నిశ్శబ్దంగా ఉంది. మిగతా వాటాలవాళ్ళు, ఇంటాయనతో సహా, చేబ్రోలులో పెళ్ళికి వెళ్ళారు. కాసేపటికి ప్రసాదు బొమ్మ వచ్చింది. మూడుసార్లు తిరిగింది. తర్వాత మమ్మల్ని పట్టించుకోకుండా కోట మధ్యలో ఉన్న నీళ్ళ తొట్టి వైపు నడిచి, అందులోకి దిగి నిలబడిపోయింది.

ఏం చేస్తున్నావురా అని టైపు చేశాను. చీకటిగా ఉంది అని జవాబొచ్చింది. మానిటర్ వెలుగు పెంచుకో అన్నాను.  తర్వాత, పైకి రాలేకపోతున్నా అని వచ్చింది.

నాకు విసుగు పుట్టింది. "మెట్లు అటు పక్క ఉన్నాయి, కళ్ళు పోయాయా? ఎడమ గోడ పట్టుకుని రా" అని టైపు చేశాను. బొమ్మ మెల్లగా ఎడమ గోడ దాకా జరిగి ఆగిపోయింది. మళ్ళీ కదల్లేదు.

అప్పుడు బాషా ఒక మాట రాశాడు. వీపీఎన్‌లో ప్రసాదు పేరు పక్కన పచ్చ దీపం ఉందా అని. కనెక్టయిన మనిషికి అది వెలగాలి. చూశాను. వెలగలేదు. ప్రసాదు అసలు మాతో కలవనేలేదు.

నా మొదటి అనుమానం దొంగ మీదికే పోయింది. మా పాస్‌వర్డ్ ఎవడికో దొరికింది, ప్రసాదు పేరుతో దూరాడు, వెంటనే మార్చమని చెప్పాలి. పిన్నివాళ్ళ ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేశాను.

"పిన్నీ, వాడు కంప్యూటర్ దగ్గరున్నాడా?"

"కరెంటుంటేగా కంప్యూటరు! పొద్దున్నించీ లేదు. సంపు కడుగుతానని దిగాడు."

"ఎంతసేపయింది?"

"ఏమోరా, నేను కాస్త నడుం వాల్చా. ఏంటి, అలా ఉంది నీ గొంతు?"

 తెర మీద బొమ్మ ఇంకా ఆ గోడ దగ్గరే ఉంది. వెళ్ళి చూడు పిన్నీ అని అరిచాను. ఆవిడ రిసీవర్ పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళడం, వాణ్ణి పిలవడం వినపడ్డాయి. రెండోసారి పిలిచిన పిలుపు కేకయింది. ఆ కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మళ్ళీ తెర వైపు చూసేసరికి తొట్టి ఖాళీగా ఉంది.

పెరట్లో నేల కింద నీళ్ళు నిలవచేసే ఆ సంపు నెలల తరబడి మూసి ఉందట. లోపల గాలి చెడిపోయింది. పక్కింటివాళ్ళు తాడు కట్టుకుని దిగి ప్రసాదుని పైకి లాగారు. నేను దొరికిన బస్సెక్కి రేపల్లె ఆసుపత్రికి వెళ్ళేసరికి బతుకుతాడన్నారు. వాళ్ళింటికి వెళ్ళి చూస్తే కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. కరెంటు ఇంకా రాలేదు.

వాడు తేరుకున్నాక అడిగాను, ఏం గుర్తుందిరా అని.

"నిచ్చెన జారిందన్నా. కళ్ళకి చీకట్లు కమ్మాయి. ఎవరో తిట్టారు."

"ఏమని?"

"మెట్లు అటు పక్క ఉన్నాయి, కళ్ళు పోయాయా అని. ఆ సంపులో మెట్లెక్కడున్నాయన్నా? అయినా ఎడమ గోడ పట్టుకుని పాకా."

కుడివైపు మోటారు గొట్టం దిగే గుంట ఉంది. దాని నిండా నీళ్ళున్నాయి. అటు పడుంటే మునిగిపోయేవాడే.

ఆ మాటలు నేను నోటితో అనలేదు. టైపు చేశాను, అంతే. వాటిని చూసింది నేనూ బాషా ఇద్దరమే. బాషా తన కంప్యూటరంతా గాలించాడు, నేను నాది గాలించాను. ఏమీ తేలలేదు. ఇన్నేళ్ళుగా పిల్లలకి నెట్‌వర్క్ పాఠాలు చెబుతున్నాను, ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను.

ఆ ఆట మళ్ళీ ముట్టుకోలేదు. ఎవరైనా చీకటిగా ఉందని మెసేజ్ పెడితే ఇప్పుడు విసుక్కోను. ముందు వాళ్ళింటికి ఫోన్ చేస్తాను.