ఐదో బలం

సిరిసిల్లలో మా వీధి మరమగ్గాల సాంచాల మోత ఆగాక బియ్యం ఏరుతాను. స్టీలు పళ్లెంలో గింజలు జలజలా రాలే చప్పుడు వినబడగానే రాజలింగం సారు గుర్తొస్తారు. కోరుట్లలో మాకు ఇంటర్ ఫిజిక్స్ చెప్పిన ఆయనంత అనుమానపు మనిషిని నేను మళ్లీ చూడలేదు. హోటల్‌లో చాయ్ ఇచ్చి చక్కెర వేశామంటే, చెంచాతో అడుగుదాకా కెలికి చూశాకే తాగేవారు.

పాఠమూ అలాగే చెప్పేవారు. పదార్థాన్ని విడదీస్తూ పోతే పరమాణువు, దాని నడుమ కేంద్రకం, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, వాటి లోపల క్వార్కులు, కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు. వీటన్నిటినీ ఆడించేవి నాలుగే బలాలు: గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత బలం, కేంద్రకాన్ని పట్టి ఉంచే ప్రబల బలం, కొన్ని కేంద్రకాలను మార్చే దుర్బల బలం. నేను ఊరుకోలేక లేచాను.

"సార్, క్వార్కులను మీరు చూసిన్రా?"

"చూడలె బిడ్డా. నన్ను గూడ ఊకెనే నమ్మకు. ఎట్ల తెలిసిందో అడుగు."

క్లాసంతా నవ్వింది. సారుకే సరిగా తెలియదేమోనని నాకు అనుమానం వచ్చింది.

ఆ ఏడే మా నాన్న దుబాయి నుంచి తిరిగొచ్చాడు. వెనకే జగిత్యాల నుంచి ఒకాయన కారులో రాగి చెంబు తెచ్చాడు. పిడుగు పడి దానికి శక్తి వచ్చిందట, బియ్యాన్ని లాగుతుందట, ఫారిన్‌లో కోట్లు పలుకుతుందట. తన సంచిలోని గింజలు పళ్లెంలో పోసి చెంబు పెడితే నిజంగానే అటు జరిగాయి. మాకున్న ఒక్క పొలం అమ్మి ఆ చెంబు కొంటానని నాన్న పట్టుబట్టాడు. అమ్మ ఏడుస్తూ కూర్చుంది. నేను పరుగెత్తుకెళ్లి సారును పిలుచుకొచ్చాను.

"ఉన్నయే నాలుగు బలాలు. గిది ఏ బలం?" అన్నారు సారు గడపలోనే.

"గిది అయిదోది" అన్నాడు చెంబాయన తడుముకోకుండా.

నాన్నకు కోపమొచ్చింది. "కండ్లకు కనవడని క్వార్కులను మీరు నమ్ముతరు. నేను గీ చెంబును కండ్లార చూసిన. ఎవలం మోసపోయినట్టు సార్?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాకూ సబబుగానే తోచింది. సారు మాత్రం మెచ్చుకోలుగా తలూపారు.

"మంచిగ అడిగినవ్ తమ్మీ. క్వార్కులను ఎవలైనా తమ మిషిన్ల పరీక్ష చేసుకోవచ్చు, ఎవలు చేసినా ఒక్క తీర్గనే తేలుతది. గీ చెంబును గూడ గట్లనే చూద్దాం. నీ పొలంల పండిన బియ్యం తెప్పియ్యి."

అమ్మ కళ్లు తుడుచుకుని దోసెడు బియ్యం తెచ్చింది. శుద్ధి చేయని బియ్యం పనికిరావని చెంబాయన అంటూనే ఉన్నాడు, సారు పళ్లెంలో పోసేశారు. ఒక్క గింజా కదల్లేదు. చెంబాయన సంచిలోని గింజనొకటి నలిపితే సారు వేళ్లకు ఇనుప రజను అంటింది. చెంబు అడుగున అయస్కాంతం దొరికింది.

"అయిదోది గాదు, రెండోదే" అన్నారు సారు.

చెంబాయన కారెక్కి పోయాడు. నాన్న సిగ్గుతో చాలాకాలం సారు ఎదురుపడితే పక్క గల్లీలోకి తిరిగేవాడు. ఇల్లు నిలబెట్టిన మనిషికి చాయ్ అయినా ఇవ్వలేదని నాకు ఇప్పటికీ బాధే. సారు పోయినప్పుడు మాత్రం పాడె మోసినవాళ్లలో నాన్న ఉన్నాడు.

ఆ పొలం ఇంకా మాదే. ప్రతి పంటకూ నాన్న బస్తా పంపుతాడు. నాన్న పంపినవే కదా అని ఊరుకోను, ఏరాక పళ్లెం కింద అయస్కాంతం తిప్పి చూస్తాను. మా ఆయన నవ్వుతాడు. గింజలు కదలవు. అప్పుడే ఎసట్లో పోస్తాను.