దాచిపెట్టిన వాన

ఇరవై మూడేళ్ల వయసులో, ఉద్యోగం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, ఏ ఊరినైనా సరే వారం రోజుల్లో అర్థం చేసేసుకోగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది. నమ్మకం ఎంత గట్టిదో తెలివి అంత పల్చనని తరవాత తెలిసిందనుకోండి. పుట్టి పెరిగింది కాకినాడలో. నాన్న ఆఫీసు గుమాస్తా, కాబట్టి మా ఇంట్లో బియ్యం బస్తాలోనే పండేవి. అలాంటిదాన్ని కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెకు టీచరుగా వెళ్లాను. మొదటిరోజు బస్సులో కండక్టరు “ఏమప్పా, ముందుకు జరుగు” అన్నాడు. ఆడపిల్లని పట్టుకుని ‘అప్పా’ అనడమేమిటి? నా వెనక మగవాళ్లెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఓ మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుంది. ఆవిడ కూడా “నిన్నేనప్పా, జరుగు” అంది.

గది అద్దెకిచ్చిన ఇంటామెను అందరూ అవ్వ అనేవారు, నేనూ అలాగే అన్నాను. అరవై దాటిన మనిషి. మాట కొడవలిలా ఉండేది, పెట్టే చెయ్యి మాత్రం మెత్తన. “వండుకునేది నీకేం వస్తాదిలే, మాతో తిను” అని తనే తేల్చేసింది. ఇంట్లో ఆమె, ఆమె కొడుకు, అంతే. కొడుకును నేను అన్నా అని పిలిచేదాన్ని. వాళ్లకు ఊరి బడి వెనకాలే నాలుగెకరాల వర్షాధారపు చేను ఉండేది. వేసేది వేరుశనగ, వాళ్ల నోట శెనక్కాయ.

జూన్ నెలాఖరులో ఓ సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టి వాన దంచికొట్టింది. మా ఇంట్లో వానకు ఇంటిపేరు ‘పాడు’. అల్పపీడనం అని రేడియోలో వినబడగానే అమ్మ బియ్యం బస్తా మంచమ్మీదికి ఎక్కించేది, వీధిలో మోకాలి లోతు నీళ్లు, నాలుగు రోజులు కరెంటుండదు, గోడలకు బూజు. అందుకని తీగ మీద ఆరేసిన చీరలు లాక్కుని లోపలికి పరిగెత్తుతూ అలవాటుగా అనేశాను, “ఛీ, పాడు వాన! ఇప్పుడే రావాలా?” అని. తిరిగి చూస్తే వీధి వీధంతా బయట ఉంది. పిల్లలు సరే, పెద్దవాళ్లు కూడా ముఖాలు పైకెత్తి తడుస్తున్నారు. అవ్వ నడివాకిట్లో దోసిలి పట్టి నిలబడింది. నా మాట వినగానే ఆ దోసిలి విడిపోయింది.

“వానను తిడతావేమ్మే?” అంది. కేక వేయలేదు, అందుకే భయం వేసింది. మూడు రోజులు సంగటి పెట్టింది కానీ మాట పెట్టలేదు. (మింగాల్సిన రాగి సంగటిని నేను నమిలి నమిలి తింటున్నా అవ్వ నవ్వలేదంటే కోపం ఎంతో ఊహించుకోండి.) చివరికి అన్న చెప్పాడు. “మూడేండ్లాయ మేడమ్, ఇత్తనం ఏసేది, ఆకాశం చూసేది, ఎండిపోయినంక పశువులకు ఇడిసేది. మా యమ్మ ఆ పొద్దు వానను చూసి ఏడుస్తాండింది. నువ్వేమో తిడితివి.”

ఆ రాత్రి సిగ్గుతో నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ఒక సిద్ధాంతం తయారు చేసుకున్నాను. నా సమస్య ఏమిటి? నేను తెచ్చుకున్నవన్నీ ఇక్కడ తలకిందులు. అక్కడ గౌరవానికి ‘అండీ’, ఇక్కడ ప్రేమకు ‘ఏమ్మే’. అక్కడ నమలాలి, ఇక్కడ మింగాలి. అక్కడ వాన చెడ్డది, కాబట్టి ఇక్కడ మంచిది. ఎంత సులువు! ఆ రోజు నుంచి చిన్న మబ్బు కనబడితే చాలు చేతులు జోడించాను. తుంపర పడితే పిల్లలతో చప్పట్లు కొట్టించాను. అవ్వ మెల్లగా కరిగింది. “మన టీచరమ్మకు బుద్ధొచ్చిండాది” అని పక్కింటివాళ్లతో అంటుంటే విని నేను పొంగిపోయాను. ఆ ఏడు వానలు కూడా అదనుకు పడ్డాయి. చేను పచ్చగా కమ్ముకుంటే అందులో నా చప్పట్ల వాటా కూడా ఉందని లోలోపల అనుకునేదాన్ని.

నవంబరులో పిన్ని కూతురి పెళ్లికి వారం సెలవు పెట్టి కాకినాడ వెళ్లొచ్చాను. వచ్చిన మర్నాడు పొద్దున్నే ఫోను చూస్తే, మధ్యాహ్నం నుంచి భారీ వర్షం అని ఉంది. అప్పట్లో ఆ వీధిలో నెట్టున్న ఫోను నాదొక్కటే. బయట ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది, ఎవరికీ అనుమానం లేదు. అవ్వకు చెప్పేద్దామని నోరు తెరిచి ఆగిపోయాను. చెబితే ఏముంది? చెప్పకుండా ఉంటే, ఉన్నట్టుండి వాన కురిసి, ఆ దోసిలి మళ్లీ పైకి లేస్తుంటే చూడొచ్చు కదా! “ఏమ్మే, ఒగదానివే నగుతాండావు?” అంది అవ్వ. “ఏం లేదవ్వా” అన్నాను.

బడి కిటికీలోంచి చేను కనబడుతోంది. వారం కిందట పచ్చగా ఉన్న మొక్కలన్నీ వాలిపోయి వరసలు వరసలుగా పడి ఉన్నాయి. అయ్యో పాపం, నేను లేని వారంలో వాడిపోయాయి, ఒక్క వాన పడితే తేరుకుంటాయి అనుకున్నాను. (వేర్లు ఆకాశంకేసి తిరిగి ఉన్న మొక్క ఎలా తేరుకుంటుందని మీరడగొచ్చు. అప్పుడు నన్నెవరూ అడగలేదు.) మధ్యాహ్నం మూడింటికి తూర్పున మబ్బు నల్లగా లేచింది. బడి వదిలిపెట్టగానే పరుగున ఇంటికెళ్లి, వాకిట్లోంచే చప్పట్లు కొడుతూ అరిచాను.

“అవ్వా! వాన! వానొస్తోంది!”

అవ్వ దోసిలి పట్టలేదు. చేటను విసిరేసింది. “పట్టలు తీసుకోని బిన్నా రారా! పీకిన శెనక్కాయంతా చేన్లోనే ఉండాది!” అని కొడుకును కేకేస్తూ ఆ వయసులో నా పక్కనుంచి పరుగెత్తింది. నా చేతులు చప్పట్ల మధ్యలోనే ఆగిపోయాయి. అవి వాడిన మొక్కలు కావు, కాయలతో సహా పీకి ఆరబెట్టిన పంట. మూడేళ్ల తరవాత ఇంటికి రావలసిన మొదటి పంట.

నేనూ పరుగెత్తాను. మొక్కలు చేతుల నిండా ఎత్తి కుప్ప దగ్గర పడేశాను. టార్పాలిన్ పట్ట మూల పట్టుకోమంటే పట్టుకున్నాను, గాలి దాంతోపాటు నన్నూ ఎత్తి బురదలో కూర్చోబెట్టింది. చీకటి పడేదాకా ముగ్గురం కలిసి సగం చేను కప్పగలిగాం. మిగతా సగం రెండు రోజులు నానింది. పశువులకు మేత కావలసిన ఆకు నల్లబడింది, కాయలకు మొలకలొచ్చాయి. అమ్మకు ఫోను చేసి ఏడిస్తే, “పంట చేతికొచ్చే వేళ వానొస్తే ఎక్కడైనా అంతేనే పిచ్చిదానా! ఇక్కడ మన వరి పనలు తడిస్తే రైతులు ఏడవరూ?” అంది. నాలుగైదు నెలలు కష్టపడి తలకిందులు చేసుకున్న ప్రపంచం, తీరా చూస్తే అంత తలకిందులేమీ కాదు.

మూడోరోజు సంచీ సర్దుకున్నాను. పొద్దున్నే తెలిసి దాచానన్న సంగతి చెప్పకుండా పోవడానికి మనసొప్పలేదు. అవ్వ ముందు కూర్చుని అంతా చెప్పేశాను. నీ సంతోషం చూడాలని చెప్పలేదవ్వా, చెప్పుంటే పొద్దున్నుంచే కప్పుకునేవాళ్లు, కళ్యాణదుర్గంలో గది చూసుకుంటాను, నా ముఖం నీకు చూపించలేను అన్నాను. ఏడుపులో సగం మాటలు అవ్వకు అర్థమయ్యాయో లేదో తెలియదు. ఆమె మొలకెత్తిన కాయలు ఒక పక్కకు ఏరుతూనే ఉంది.

“చెప్పింటే బాగుండె” అంది చివరికి. “అది తప్పే. కాదనను.” ఇంకో గుప్పెడు ఏరింది. “మూడేండ్లు వాన రాక పాయ. ఈ ఏడు వానొచ్చి పాయ సగం. ఆ మూడేండ్లకు నేను ఎవురిని ఇల్లు కాళీ చేయించల్లమ్మే?”

నేను ముక్కు చీదుకున్నాను.

“సంచి లోపల పెట్టు. రేపట్నుంచి పొద్దున్నే నీ ఫోను చూసి వానొస్తాదో రాదో నువ్వు చెప్పు. అది మంచిదో చెడ్డదో నేను చెప్తా.”

ఆ ఒప్పందం మీదే ఆ ఇంట్లో నాలుగేళ్లున్నాను. తరవాత బదిలీల మీద ఇంకా చాలా ఊళ్లు తిరిగాను. ప్రతి కొత్త ఊళ్లోనూ అక్కడి సంగతి నాకు పూర్తిగా అర్థమైపోయిందని నాలుక కొన దాకా వస్తుంది. అప్పుడు ఆగి, పక్కనున్న ఏ పెద్దావిడనో “ఇది మీకు మంచిదేనా?” అని అడుగుతాను. కొందరు నన్ను వింతగా చూస్తారు, చూడనివ్వండి. ఆ ఇరవై మూడేళ్ల పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కేంత సిగ్గేస్తుంది. కానీ కోపం మాత్రం రాదు. ఒక ముసలామె ముఖంలో సంతోషం చూడాలని, అంత పెద్ద వానను నోరు విప్పకుండా పొద్దుటి నుంచి మూడింటి దాకా మోసింది పాపం, ఒక్కతే.